ఖాళీ బండి బరువు

పోర్టు గేటు దగ్గర లారీల కాటా నాది.
బొగ్గు బండి ఎక్కుతుంది, అంకె వెలుగుతుంది,
ఖాళీ బండి బరువు తీసేస్తే మిగిలేది సరుకు.
పదకొండేళ్లుగా ఇదే తీసివేత.
నన్ను మాత్రం ఎవరైనా ఒక్క చూపులో తూచేసేవారు.

నూట ఇరవై రెండు.
ఎన్‌ఏడీ నుంచి కాన్వెంట్ జంక్షన్ దాకా
ఆటోలో రెండు సీట్ల డబ్బు.
నెలసరి నాలుగు నెలలకోసారి వచ్చేది,
దారి తప్పిన చుట్టంలా.
"ముందు బరువు తగ్గండి" అన్నారు మహారాణిపేటలో ముగ్గురు డాక్టర్లు,
చీటీ మీంచి తలెత్తకుండానే.
"ఏటి తింటన్నావో మాకు అవుపడదేటే" అంది అత్త అప్పయ్యమ్మ.
నిజమే. ఆకలి నాకూ ఎప్పుడూ కనపడలేదు,
వినపడేది.

ఆకలేసేదీ కడుపే, పండేదీ కడుపే.
ఒకదాన్ని కోయించుకున్నాను, రెండోదాని కోసం.
ఐదు చిన్న గాట్లు.
ముప్పావు భాగం తీసేస్తే మిగిలింది అరటికాయంత.
సంతకానికి ముందు డాక్టరమ్మ శశిరేఖ వేలెత్తి చెప్పింది:
"ఏడాదిన్నర దాకా నెల తప్పకూడదు.
ఒళ్లు కరిగేటప్పుడు బిడ్డకి పెట్టడానికి నీ దగ్గర ఏమీ ఉండదు."
బిడ్డ కోసం కోయించుకుని
బిడ్డ రాకుండా కాపర్ టీ వేయించుకోవడం!
ఎర్నాయుడు నవ్వాడు. నేను నవ్వలేదు.

తర్వాతి సంగతి దువ్వెన చెప్తుంది.
పెసరట్టులో పావు ముక్కతో భోజనం అయిపోయేది.
పెళ్లిళ్లలో విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టి పెట్టి
చెయ్యే అలిసిపోయేది.
ఆ చేతి కింద చర్మం తడిబట్టలా వేలాడేది.
కానీ ఐదో నెలలో ఒకరోజు,
స్టీలుప్లాంటు ట్రైలర్ కాటా మీద ఉండగా,
వచ్చింది.
మళ్లీ ఇరవై ఎనిమిదో రోజున. మళ్లీ.
చెప్పిన టైముకి వచ్చే ప్యాసింజరు బండి ఎవరైనా చూశారా?
నేను చూశాను.

పందొమ్మిదో నెలలో కాపర్ టీ తీయించాం.
ఇరవై మూడులో రెండు గీతలు.
డెబ్బై ఎనిమిది కిలోలు.

అందరికీ ఇచ్చే గ్లూకోజు నీళ్లు నాకు వద్దన్నారు,
తాగితే చెమటలు పట్టి కూలబడతానట.
వారం రోజులు నా వేలు నేనే గుచ్చుకున్నాను
కాటా గదిలో, చలానాల మధ్య.
నా నెత్తుటి చుక్క అంటిన కాగితం ఒకటి
ఏ బొబ్బిలి డ్రైవరు జేబులోనో ఉండొచ్చు.
ఐరన్ పొద్దున, కాల్షియం రాత్రి.
రెండూ ఒక పూట పడవట, తోడికోడళ్లలా.

భయం ఇంకోచోట కూర్చుంది.
ఇరవై రెండో వారంలో ముల్లు ఎనభై ఒకటి దాటింది.
చెప్పులు విప్పాను, గాజులు తీశాను, మళ్లీ ఎక్కాను.
ఆ రాత్రి నుంచి ఒక ముద్ద తగ్గించాను,
ఎవరికీ చెప్పలేదు.
స్కాన్‌లో డాక్టరమ్మ కొలిచింది, మళ్లీ కొలిచింది.
"బిడ్డ సన్నగా ఉంది. తింటున్నావా, అమ్మా?"
ముప్పై నాలుగేళ్లలో ఆ ప్రశ్న
ఆ గొంతుతో నన్నెవరూ అడగలేదు.
పొట్ట మీద జెల్లు ఆరకముందే ఏడ్చాను.

ఇప్పుడు రెండు గంటలకోసారి
గుడ్డు, గుప్పెడు వేరుశెనగలు,
అత్త పంపే నెత్తళ్ల పులుసు.
"ముద్ద సిన్నదైనా సేప మానకే" అని రోజూ ఫోను.
ముల్లు కేసి చూడను అనను. చూస్తాను.
చూసి, తింటాను.

నిన్న రాత్రి షిఫ్టులో లారీలు లేవు.
కాటా మీదికి నడిచి మధ్యలో నిలబడ్డాను.
కిటికీ అవతల ఎర్ర అంకె: ఎనభై.
దానికి పదుల్లోనే లెక్క వచ్చు,
నా పైన నాలుగు కిలోలూ దాని కంటికి ఆనవు.
ఇనుప పలక మీద బొగ్గు నలుసులు,
డాల్ఫిన్స్ నోస్ వైపు ఓడ కూత ఒకటి.
లోపల తన్నింది.
అంకె కదల్లేదు.
నేనూ దిగలేదు,
వెనక ఎవరో హారన్ కొట్టేదాకా.