కడుపు నిండిన బేరం

పార్సన్స్ ఊరి వెనక కొండ మీద, మూడో నంబరు మడిలో
నేలలోకి దిగేసిన పింగాణీ మూతి గొట్టం
రాత్రంతా మట్టిని జుర్రి
పొద్దుటికి ముప్పావు గ్లాసు నీళ్లిస్తుంది.
రంగు: రెండోసారి దించిన డికాషన్.
ఆకులు చచ్చాక చెప్పుకునే మాటలన్నీ
అందులో కరిగి ఉంటాయి.
వినడం నా ఉద్యోగం.

డెల్మర్ టీటర్ ఇరవై ఏడేళ్లుగా
ఈ అడవికి అన్నం పెడుతున్నవాడు.
ఏడాదికి మూడు దఫాలు, భుజాన సంచి,
మేపుల్ చెట్ల మధ్య వంకరటింకరగా నడుస్తూ
తెల్లటి పలుకులు చేత్తో చల్లేవాడు.
పొగగొట్టాల వాన ముందు ముందు ఇంత తెస్తుందని
ఎవరో లెక్కకట్టి ఇచ్చిన కొలత.
వాన అంత తేలేదు. గొట్టాలు కొన్ని మూతబడ్డాయి.
డెల్మర్ మాత్రం ఆపలేదు.

నేను చేరిన రోజు బస్తా మూతిని కత్తితో కోస్తున్నాడు.
ఆగమని, కుట్టు కొస వెతికి
ఒక్క లాగు లాగాను. దారం సర్రున ఊడొచ్చింది.
"ఇన్నేళ్లూ ఒక్కరూ చెప్పలేదే!" అన్నాడు.
తాడికొండ ఎరువుల కొట్లో, వేసవి సెలవుల్లో నేర్చిన విద్య.
పైరు పచ్చబడకపోతే ఇంకో బస్తా అనడం కూడా
అక్కడే నేర్చాను.

చెట్లు మొదటి పదేళ్లూ ఒళ్లు చేశాయట.

కింద, వేరుకీ బూజుకీ మధ్య ఓ పాత సంత ఉండేది.
నువ్వు చక్కెర పెట్టు, నేను నత్రజని తెస్తానని
తెల్లటి దారాలు మట్టి సందుల్లో తిరిగి తిరిగి మోసుకొచ్చేవి.
అడక్కుండానే పైనుంచి రాలుతుంటే
ఎవరిక్కావాలి సంత?
కడుపు నిండిన బేరం.
వేరు మొహం తిప్పుకుంది.
దారాలు సన్నబడి, కొట్లు కట్టేసి, వెళ్లిపోయాయి.
వాటితోపాటే
ఓక్ ఆకు ఈనెల్ని నమలగలిగిన పళ్లూ పోయాయి.

ఏమీ చల్లని ఒకటో మడిలో
ఆకుల దుప్పటి నా చిటికెన వేలి మందం.
మూడో మడిలో మణికట్టు దాకా దిగబడుతుంది.
అడుగున, నాలుగేళ్ల కిందటి ఆకు
ఈనె ఈనె కనిపిస్తూ, నిన్న రాలినట్టు.
కుళ్లడం ఒక పని అనీ
దానికీ పనివాళ్లుండాలనీ
నేనెప్పుడూ అనుకోలేదు.

రెండు సీసాలూ కిటికీలో పెడితే
కన్ను ఏ తేడా చెప్పదు.
అతినీల దీపం కింద గానీ నోరు విప్పవు.
ఒకటో మడి నీళ్లవి పొట్టి పొట్టి మాటలు.
మూడోదానివి పొడుగాటి, ముడులు పడిన,
సగం నమిలి ఉమ్మేసిన వాక్యాలు,
ముడి ముడికీ నత్రజని.
ఇక నైట్రేటు తాను పోతూ పోతూ
కాల్షియాన్ని కూడా చెయ్యి పట్టుకుని
వాగులోకి లాక్కుపోయింది.
వేరే కొండల మీద కథ వేరేగా నడిచిందని చదివాను.
నా కొండ సంగతే నాకు తెలుసు,
అదీ సీసా మేరకు.

కిందటి అక్టోబరులో డబ్బు ఆగింది. చల్లడం ఆగింది.
నీళ్లు పట్టడం ఇంకో రెండేళ్లు.
"ఎప్పటికి మరిచిపోతుంది?" అన్నాడు డెల్మర్,
నేల గురించే అనుకుంటాను.
కాగితం మీద గీత ఇంకా వంగలేదు.
చూద్దాం అన్నాను. ఇంకేమంటాను.

షెడ్డులో మిగిలిన ఆఖరి బస్తా
చెమ్మకి గడ్డకట్టి బండరాయైంది.
దాని మీదే కూర్చుని మధ్యాహ్నాలు తింటాం.
అతనిది మొక్కజొన్న రొట్టె, నాది నిమ్మకాయ పులిహోర.
కప్పు కారినప్పుడల్లా
బస్తా అడుగునుంచి ఒక తెల్లటి చార
మా కాళ్ల మధ్యగా, గడప దాటి, బయటికి.

అక్కడ మోకాలెత్తు గడ్డి.
కళ్లు చెదిరే పచ్చ.
వారానికోసారి డెల్మర్ తిట్టుకుంటూ కోస్తాడు.
కోసిందాన్ని ఎక్కడ పారబోయాలో
ఇద్దరికీ తెలీదు.