ముందు గేటు

పూతలపట్టు రోడ్డులో కోళ్ళమేత మిల్లు.
రాత్రి షిఫ్టులో రెండో టీ అయ్యాక
హాపర్ గొంతులో మొక్కజొన్న అడ్డం పడుతుంది.
అప్పుడు సుత్తి తీస్తారు పిల్లలు.

హాపర్ పొట్టంతా అమ్మవారు పోసిన మొహంలా గుంటలు.
ఒక్కో గుంట ఒక్కో రాత్రి తొందర.
కొట్టేకొద్దీ రేకు లోపలికి వంగుతుంది,
వంగిన చోటే మళ్ళీ గింజ ఆగుతుంది.
ఇది చెబితే నవ్వుతారు.
నేనూ నవ్వాను, ఏకాంబరం చెప్పిన రోజున.

ఆయన లెక్కలన్నీ వేలితోనే.
దూలం మీద గీసి చూసేవాడు:
"పేరు రాసేంత దుమ్ముంటే ఇంటికి పోవద్దబ్బోడా.
చీపురు కాదు, చీపురు దాన్ని లేపుతాది. తడిగుడ్డ తే.
పడుకున్నంతసేపూ అది దుమ్మే.
లేచి గాల్లో నిలబడిందా,
అగ్గిపుల్ల కోసం ఎదురుచూస్తా ఉంటాది."
ఎలివేటర్ కాళ్ళకు బిగించిన ఎర్తు తీగను
పాడి ఆవు పలుపులా రోజూ తడిమి చూసుకునేవాడు.

ఆ ఏడు వానలకు తడిసిన సరుకొచ్చింది.
సైలోలో పైన పొర కట్టింది.
చూస్తే నేల. గట్టి నేల.
కింద గేటు తెరిచే ఉంది,
పొర కింద గింజ ఎప్పుడో జారిపోయి
బోలు మిగిలింది.
తాడు కావాలంటే నలభై ఆరు మెట్లు దిగి రావాలి.
నాకు పంతొమ్మిదేళ్ళు.
గడ్డపార పట్టుకుని లోపలికి దిగాను.

అప్పడం విరిగినట్టు చప్పుడు.
మోకాళ్ళు. నడుము. డొక్కలు.
ఊపిరి వదిలినప్పుడల్లా
వదిలినంత జాగాలోకి గింజలొచ్చి కూర్చున్నాయి,
మళ్ళీ పీల్చుకోను చోటివ్వలేదు.

పైన మూత దగ్గర ఏకాంబరం మొహం.
చెయ్యి చాచాను.
ఆయన నా చెయ్యి చూశాడు.
వెనక్కి తిరిగి పరిగెత్తాడు.

ఇనప మెట్ల మీద చెప్పుల చప్పుడు దూరమవుతుంటే
నేను తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను.
వాళ్ళమ్మను కూడా తిట్టాను.
గొంతుతో కాదు, గొంతులో అప్పటికి గాలి లేదు.

గింజలు ఆగాయి.
అడుగున ఎక్కడో గేటు కిర్రుమని మూసుకున్న శబ్దం
ఇప్పటికీ నా వెన్నులో ఉంది.

తర్వాత అందరూ వచ్చారు.
లాగుదామన్నవాళ్ళను ఆయన పక్కకు నెట్టాడు.
"లాగితే నడుము తెగుతాది, మనిషి రాడు."
ఆఫీసు తలుపు ఊడదీసి పలకలు కోయించి
బావికి ఒర దించినట్టు నా చుట్టూ దించాడు.
నడుముకు తాడు కట్టుకుని ఢిల్లమ్మ దిగింది,
ఒర లోపలి గింజను చెంబుతో తోడింది.
రెండు గంటల ఇరవై నిమిషాలు.
ఎన్ని చెంబులో ఆమె లెక్కపెట్టింది,
అడిగితే ఇప్పటికీ చెప్పదు.

ఏకాంబరం నాతో అన్నది ఒక్కటే:
"ముందు గేటు. తర్వాతే మనిషి."
కోపంగా కాదు,
టీ చల్లారిపోయిందన్నట్టు.

ఇప్పుడా మూత తాళంచెవి నా మొలతాడుకుంది.
నిన్న కొత్తగా చేరిన గజేంద్ర
దూలం మీద తన పేరు రాశాడు,
పక్కన ఇంకెవరిదో పేరు.
తడిగుడ్డ ఇచ్చాను.
తన పేరు తుడిచి ఆగాడు.
అదీ తుడువన్నాను.