గడ్డి అద్దె

పొగమంచు. చిన్న విమానం రేపన్నారు.
ఒక పూట మిగిలింది
జేబులో పరాయి దేశపు చిల్లరలా,
ఎక్కడ ఖర్చుపెట్టాలో తెలీకుండా.

హోటల్ గోడ మీద అట్టముక్క:
"గోల్ఫ్. తొమ్మిది గుంటలు. తాగే నీళ్లు మీరే తెచ్చుకోండి."

ఊరి బయట రేకుల షెడ్డు.
కిటికీ వెనక ఫ్రెడెలీన్
నాలుగు కర్రలు, ఆరు బంతులు బల్ల మీద పెట్టి
రసీదు రాసింది:
కర్రలకింత, బంతులకింత,
గడ్డి, ఒకటి.

నిజంగానే ఒకటి.
జానెడు వెడల్పు, మూరెడు పొడుగు,
అంచులు పీకిపోయిన ప్లాస్టిక్ పచ్చిక,
మోయడానికి ఓ తాడు.
నమీబు ఎడారిలో నా వాటాకొచ్చిన మైదానమంతా
భుజానికి తగిలించుకున్నాను.

ఎలిఫస్ గోసెబ్ నా కేడీ,
రాగి గనిలో ఇరవయ్యేళ్లు లిఫ్టు నడిపిన మనిషి.
వేలు చాపి, అదీ మొదటి గుంట అన్నాడు.
నాకు ఇసుక కనిపించింది,
దాని వెనక ఇసుక,
దాని వెనక గులకరాయి రంగు ఆకాశం.
"జెండా ఏదీ?"
"గాలి పట్టుకుపోయింది. కర్రని చూడు."

మొదటి దెబ్బ బంతికి తగల్లేదు.
కంట్లో దేశం, పళ్ల మధ్య దేశం.
అతను నవ్వలేదు,
సీసా మూత తీసి ఇచ్చాడు.

ఇక అదే పని.
బంతి పడ్డచోటికి నడవడం,
దాన్నెత్తి, కింద గడ్డి పరిచి,
పైన మళ్లీ పెట్టి కొట్టడం,
దులిపి భుజాన వేసుకోవడం.
తోలుబొమ్మలాటవాడు తెర చంకన పెట్టుకు తిరిగినట్టు,
ఎక్కడ పరిస్తే అక్కడే ఆట.

మూడో గుంటలో రాయికి తగిలి
బంతి నా బలానికి మించి నలభై గజాలు దూకింది.
"బాగా కొట్టావు."
"కొట్టింది రాయి."
"రాయి స్కోరు రాసుకోదు."

ఐదో గుంట దారిలో వెల్విచియా.
రెండే రెండు ఆకులు, చీలికలు పేలికలై
నేలకి అతుక్కుపోయి,
వెయ్యేళ్ల వయసట.
బంతి దాని ఒళ్లోకి దూరింది.
చెయ్యి పెట్టబోతే ఎలిఫస్ మణికట్టు పట్టుకున్నాడు.
"ఇక అది దానిదే."
వంగి చూశాను. ఆకు సందున పగుళ్లిచ్చిన బంతులు మూడు,
ఒకదాని మీద ఎవరివో పొడి అక్షరాలు.

నీడ కోసం బండరాయి పక్కన కూర్చున్నప్పుడు అడిగాడు:
"మీ దేశంలో ఈ ఆటకి అసలు గడ్డేనా?"
అవునన్నాను.
"ఎవరు తడుపుతారు?"

నేను పంపులు అమ్ముతాను.
మూడు రోజులుగా ఇక్కడ నీళ్ల గురించే మాట్లాడాను,
లీటర్లు, హార్స్‌పవర్, ఐదేళ్ల గ్యారంటీ.
మా నగరం చివర రాత్రంతా తిరిగే స్ప్రింక్లర్లకి
మోటార్లు బిగించింది మా కంపెనీయే.
"ఎవరో పనివాళ్లు" అన్నాను.
అతను తలూపి
నా సీసాలో ఎంత మిగిలిందో
ఎండకెత్తి చూశాడు.

గుంట చుట్టూ మాత్రం పాత ఇంజనాయిల్ కలిపిన ఇసుక,
నల్లగా, నున్నగా.
ఆడినవాడే గోనెపట్టా ఈడ్చి
తన అడుగులు చెరిపేసి పోవాలి.
పలక తుడవడం ఇన్నేళ్లకి మళ్లీ వచ్చింది నాకు.
లోపల్నుంచి బయటికి, గుండ్రంగా,
చివరి అడుగు అవతల పెట్టి.
తొమ్మిదోదాన్ని తుడిచి వెనక్కి తిరిగేసరికి
నల్లటి పురుగొకటి అడ్డంగా నడిచి పోతోంది,
సన్నటి కుట్టు వేసుకుంటూ.
మళ్లీ ఈడ్వబోయాను.
"అది ఇక్కడిదే" అన్నాడు ఎలిఫస్. "వదిలెయ్."

తొమ్మిది గుంటలకి డెబ్బై ఒకటి.
అందులో పన్నెండు దాటినవి
అతను లెక్కపెట్టలేదు.

ఫ్రెడెలీన్ బంతులు లెక్కపెట్టింది. ఐదు.
ఎలిఫస్ వైపు చూసింది. అతను ఐదు వేళ్లు చూపించాడు.
ఇంకేం అడగలేదు.
పచ్చిక ముక్కని కిటికీ చట్రానికి కొట్టి
నా ఇసుకంతా బయటికి రాల్చి,
మేకుకి తగిలించి,
గడ్డి ముట్టింది
అని రాసి, నా చేత
సంతకం పెట్టించుకుంది.