పోగు పోగున దిగే బొమ్మ

కొత్తవాడల మా ఇంట్ల రెండు చప్పుళ్లు.
ముందర్రూంల మగ్గం,
వెనక అర్రల మోడెం.
మగ్గానికి ఒక తాళముంటది,
నిద్రల విన్నా చెయ్యి ఊగుతది.
మోడెం అట్ల కాదు.
కీ మని, గర్ర్ మని,
గొంతుల చేపముల్లు ఇరికినోని లెక్క
ఎవల్నో పిలుస్తది, పిలిచి పిలిచి
ఊకుంటది.

ఊకున్నదంటే కలిసినట్టు.

జంపఖానాలు కొనేటాయన బొంబాయిల ఉంటడు,
రంగు మార్చాలంటే బొమ్మ పంపుతడు.
పదిన్నర దాటితే బిల్లు తక్కువని
అప్పటిదాంక కండ్లు నిలుపుకొని కూసుంట.
బొమ్మ మీదికెల్లి కిందికి దిగుతది.
ముందు ఎర్ర అంచు,
అంచు కింద నల్లపోగు,
ఆ తర్వాత పావుగంట ఏమీ లేదు.
మా భద్రయ్య తొంగిచూసి నవ్వుతడు,
"గింతసేపట్ల నేను జానెడు నేస్తనే!"
నిజమే.
ఆయనది జానెడు, కంప్యూటర్‌ది బెత్తెడు.

సరిగ్గ అప్పుడే ఎవలో ఫోనెత్తుతరు.
ఎవలో ఏంది, మా అత్త.
నిద్రపట్టక, ముందర్రూంల ఉన్న రెండో ఫోను
చెవుల పెట్టుకొని
"అల్లో, ఎవలు? లోపట ఎవలో గీకుతాండ్లు" అంటది.
బొమ్మ తెగుతది.
తెగింది పోగైతే ముడేస్తం.
దీనికి ముడి ఏడుంది?
మళ్ల ఎర్ర అంచు కాడ్నుంచే.

ఎక్స్ఛేంజిల రాయించిన తొమ్మిదోనాడు
లైన్‌మన్ సాయిలు వచ్చిండు,
సైకిల్‌కు నిచ్చెన కట్టుకొని.
చూరు కింద వైరు పట్టుకొని చూపెట్టిండు:
మూడు అతుకులు, అతుకుల మీద టేపు,
టేపు లోపట పోయిన వానకాలం నీళ్లు.
"గిది మాట్లాడనీకి సాలుతదమ్మా,
చదువనీకి సాలది" అన్నడు.
పండ్లతోని వైరు కొరికి, కొత్తది మెలేసి,
రెండో ఫోను పీకి గూట్ల పెట్టిండు.
చాయ్ తాగిండు. మా అత్త ఆయనతోని మాట్లాడలే.

ఆ రాత్రి తెర మీద మూలకు అంకె చూసిన.
ఇరవై ఒకటి ఉండేది, ముప్పై మూడయ్యింది.
పదో తరగతిల నా లెక్కల మార్కులే!
రెండు తక్కువైతేంది,
ఇంతకు ముందటి కంటే నయం కదా
అని మా నాయిన అప్పుడన్న మాటే
నేను మోడెంతోని అన్న.

ఇంకా తొందర్ది కావాలంటే ఏముందని తిరిగిన.
బ్రాడ్‌బ్యాండ్ అడిగితే
మీ గల్లీ దూరమైతది, పేరు రాసుకుంటం అన్నరు.
రాసుకున్నరు.
తీగ లేని ఫోను తెస్తే
అది కిటికీల పెడితేనే పలుకుతది,
కిటికీల పెడితే కోతి ఎత్తుకపోతది.
(ఎత్తుకపోయింది. యాంటెన్నా ఒక్కటి
దర్వాజ కాడ పడేసిపోయింది.)

ఆఖరికి కేబుల్ యాకూబ్ పాషా
దేశాయిపేట దిక్కుకెల్లి నల్లవైరు గుంజుకచ్చిండు,
ఏడు డాబాలు దాటిచ్చి,
ఆరేసిన నూలు చిలపల పక్కకెల్లి.
నెలకింత, అడ్వాన్సు ఇంత,
కరెంటు పోతే మాత్రం నన్ననొద్దు.

ఆ రోజు బొమ్మ దిగలే.
రెప్ప కొట్టెటాలకు
అంచులు, మధ్యల పువ్వు, కుచ్చులు
మొత్తం జంపఖానా పరుసుకొని ఉంది.
నేను తెచ్చుకున్న చాయ్ ఇంకా పొగలు కక్కుతాంది.
ఏం చెయ్యాల్నో తెల్వక మళ్లొకసారి తెరిచి చూసిన.

ఇప్పుడు ఆయన పొద్దుగాల ఒకటి పంపుతడు,
పగటీలి ఇంకోటి.
అంచు మార్చు, ఆకుపచ్చ తగ్గియ్యి,
నిన్నటిదే మంచిగుండె.
భద్రయ్య నవ్వుడు బంద్ చేసిండు.
ఆయన చెయ్యి ఎప్పటి లెక్కనే, రోజుకు అంతే మూర.
ఇగ ఇంట్ల నిదానం లైన్ అదొక్కటే,
దానికి ఏ సాయిలును పిలుస్తం?

రాత్రి మా అత్త వెనక అర్రలకు వచ్చి
ఫోనెత్తి చాలాసేపు విన్నది.
"ఎవలూ గీకుతలేరేందే,
పోయిండ్లా?"