నీళ్ళు గొట్టే ముందు

ఉప్పల్ రింగు రోడ్డు దాటినంక
ఎడమ చేతికి, టైర్ల దుకాణం ఎనక
మా వాటర్ సర్వీసింగు.
ఇయ్యాల తొలి బేరం ఓ జీపు.
తెల్లదని సారు చెప్తేనే తెలిసింది.

"తొమ్మిది రోజులు తిరిగినం ఐలన్నా,
మంచిగ కడుగు" అని
తాళంచెవి చేతుల వెట్టిండు.
ఏడికి వోయిన్రని నేనడగలె.
అడిగినోళ్ళకు ఫోన్ల ఫోటోలు చూపిస్తరు.
నాకు బండే చెప్తది.

మట్టికి పొరలుంటయి.
పైపైన మన దుమ్మే,
నార్కట్‌పల్లి కాడ లారీలు చల్లింది.
దాని కింద ఎరుపు.
మన చెలకల ఎరుపు గాదు,
మంచుల నాని నాని ముదిరిన ఎరుపు.
గోటితోని గీకిన,
గోరింటాకు వెట్టుకున్నట్టయింది.

వైపరు సందుల ఓ ఆకు,
పైన పచ్చ, కింద వెండి.
పేరు నాకెరుక లేదు.
బ్రేకు డిస్కులు నీలంగ మాడినయి.
ఘాటు దిగుతుంటె సారు గేరు తగ్గియ్యలె,
కాలు బ్రేకు మీదనే వెట్టిండు.
పక్కన కూసున్నామె
ఏమీ అనకుంట కిటికీ దిక్కు చూసి ఉంటది.
ఎనక డోరు మీద ఎండిన చార.
మలుపుల్ల ఎవరికో కడుపుల తిప్పింది.
గిది ఫోటోల రాదు.

టైరు గాడిల ఇరుక్కున్న చేప పొలుసు.
రోడ్డు మీదనే చేపలు ఎండవోసిన ఊరు
ఏదో దాటిన్రు.
ఒకామె పరిగెత్తుకొచ్చి తిట్టే ఉంటది,
అద్దాలు మూసుకుంటె
ఇనవడి ఉండదు.

లిఫ్టు ఎక్కించి అడుగు చూసిన.
బోల్టు చుట్టు తెల్ల పెచ్చు.
ఏలుతోని తీసి నాలిక మీద ఏసుకున్న.
ఖలీలు నవ్విండు.
నవ్వనీ.
ముప్పై రెండేండ్ల సంది బండ్లు కడుగుతున్న,
సముద్రం చూసింది లేదు.
బోల్టుకింత, బోల్టుకింత
రుచి మాత్రం చూసిన.

సీటు కింద రెండు పిడికిళ్ళ ఇసుక,
అండ్ల ఇరిగిన గవ్వ,
ఓ చిన్న చెప్పు. ఒక్కటే.
రెండోది ఏ అల కాడున్నదో.
చెప్పు డాష్‌బోర్డు మీద వెట్టిన,
గవ్వ నా అంగీ జేబుల.

మోటరు ఏసిన.
కొండ ముందుగాల జారింది,
ఎర్రగ, తొందర తొందరగ.
దాని ఎనక ఉప్పు, కనవడకుంట.
రెండూ నా కాళ్ళ సందుకెల్లి
మోరీల వడ్డయి.
మోరీ నాలల కలుస్తది, నాల మూసీల,
మూసీ వాడపల్లి కాడ కృష్ణల.
అవతల ఏమున్నదో అందరికెరుకే.
నాకంటె ముందు
ఆ ఉప్పే వోయి చేరుతది.

పదకొండింటికి సారొచ్చి
చుట్టు తిరిగి చూసిండు.
"కొత్త బండి లెక్క చేసినవ్" అన్నడు,
ఆరు నూర్లిచ్చిండు.
చెప్పు చూసి ఒక్క నిమిషం నిలవడ్డడు.

ఎనక ఎడమ చక్రం పైన
మడ్‌గార్డు లోపలి దిక్కు
నేను కడగలె.
ఆయన వంగి చూసేటోడు గాదు.
ఒకటో రెండో వానలదాంక
ఆ ఎరుపు ఉప్పల్‌ల తిరుగుతది.