ఉప్పు దిగాక

ముందు నాలుక మీద వేసుకుని చూశాను.
మా బాపు నాగలి కట్టేముందు మట్టిని వాసన చూసేవాడు.
ఇక్కడి దానికి వాసన లేదు,
రుచి ఒక్కటే:
చెమట ఆరిన బనీను చప్పరించినట్టు.

షార్జా, సజా లేబర్ క్యాంపు,
సి బ్లాకు వెనక రెండు మంచాలంత జాగా.
ఏసీల నీళ్ళే నాకు బావి.
పదకొండు గొట్టాల కింద పదకొండు పెయింటు డబ్బాలు పెట్టి
డ్యూటీ బస్సు రాకముందే
ఇసుక మీద వంచేవాణ్ణి.
కడగ్గా కడగ్గా
నలభయ్యో నాడు
నాలుక ఏమీ చెప్పలేదు.

ఇక అడుక్కోవడం మొదలు.
మెస్సులో బీరాన్ కాకా దగ్గర వాడేసిన చాయ్‌పత్తా,
ఉల్లిపొట్టు, మడమ కింద నూరిన గుడ్డుపెంకులు.
ఒంటెల షెడ్డులో పనిచేసే షేర్ జమాన్
శుక్రవారానికో సంచి పెంట మోసుకొచ్చి
"దీనికోసం కాచుకునేవాడివి నువ్వొక్కడివే" అని నవ్వేవాడు.
పెంటలోనూ ఉప్పే.
దాన్నీ కడిగాను.
కత్తుల్లా ఎండిన ఖర్జూరపు మట్టల్ని
షట్టరింగు లస్మన్న రంపంతో తరిగిచ్చాడు.
సిమెంటు ముట్టిన రంపమని
కోసేముందు తుడిచాడు, రెండుసార్లు.
అది చూసి నాకేదో అయింది.

అన్నీ కలిపి, తడిపి, గోనె కప్పిన మూడో రాత్రి
కుప్పలో మోచేతిదాకా చెయ్యి పెట్టాను.
కాలుతోంది.
నా బిడ్డకు వచ్చిన జ్వరాలన్నీ
నేను ఫోన్లో విన్నవే.
ఈ ఒక్క వేడినీ ముట్టుకున్నాను.

కంపు కొడుతోందని డి బ్లాకు వాళ్ళు కంప్లైంటు పెట్టారు.
క్యాంపు బాసు టార్చి పట్టుకుని వచ్చాడు.
"ఏం వేశావ్?"
"ఇంకా ఏం లేదు సార్."
"నాలుగు నెల్ల నుంచా?"
"మట్టి వేశాను."
టార్చి ఆర్పేసి
ఎందుకో చాలాసేపు నిలబడ్డాడు.
పైన ఇసుక కప్పు, వాసన ఆగుతుంది, అని
వెళ్ళిపోతూ చెప్పాడు.
వాళ్ళ నాయనా చేసేవాడేమో.
అడగలేదు.

నిన్న కొత్తిమీర కట్ట విప్పుతుంటే
వేళ్ళ మధ్య దారప్పోగంత వానపాము.
ఏ దేశంనుంచి వచ్చిందో, ఏ కాగితమూ లేకుండా.
అరచేతిలో కాస్త నీళ్ళు పోసి
తీసుకుపోయి దించాను.
తల ఎటో తెలియని దానిలా
అటు మెదిలి, ఇటు మెదిలి
లోపలికి పోయింది.
పొద్దు గుంకేదాకా చూశాను.
బయటికి రాలేదు.

తోటకూర గింజలు చొక్కా జేబులోనే ఉన్నాయి.
ఎండ ఇంకా విరగలేదు.
ఈ రాత్రి కూడా
పదకొండు డబ్బాలూ పెట్టే వచ్చి పడుకున్నాను.