రెండు పగిలాయి

"లింగాలొ కూర్మయ్యొ" అని కేకేసినాడు బంట్రోతు.
పేరుకి తోకలు తగిలించీసరికి
అది నానేనని రొండోసారికి గానీ తెలీనేదు.

పర్లాకిమిడి కోర్టు వరండాల
ఇది మూడో వాయిదా.
చలానా వెయ్యి రూపాయలు.
పోయిన కూలి, పెట్రోలు, గుమస్తాకి టీలు
కలిపితే ఎప్పుడో దాటిపోనాది.
"కట్టీసి వచ్చీకూడదేటి?" అన్నాది మాయావిడ.

కట్టీవచ్చు.
కానీ ఆ ఫోటో సూసినారా?
బోడి నెత్తి, ఇకిలింపు, అచ్చం దొంగలాగ నాను.
హేండిలికి ఏలాడతన్న హెల్మెట్టు
అంచుకాడ సగం తెగిపోనాది.

జడ్జీగారు ఒడియాల అడిగినారు.
నాను తెలుగుల సెప్పినాను.
బాబూ, పాతపట్నం సంతల కొన్న గుడ్లు.
ఏటి వంతెన మీద సంచి అడుగు ఊడిపోనాది.
హెల్మెట్టు తీసి అందుల ఎత్తినాను.
గుడ్లు పదిహేడు. బుర్ర ఒకటే.

నన్ను పట్టుకున్న కానిస్టేబులు దుర్జోధన సబర
నా మాటలన్నీ ఒడియాలకి మార్చి
ఆఖర్న తన మాటొకటి కలిపినాడు:
పదిహేడే హుజూర్, నానే లెక్కెట్టినాను.

జడ్జీగారి కలం ఆగిపోనాది.
"ఎన్ని పగిలాయి?"
తెలుగే!
"రెండు బాబూ."

వెయ్యి మాత్రం వెయ్యే.
నెత్తిన ఉండాలన్నాది చట్టం,
దగ్గిరుంటే సాలన్నేదు.

రసీదు మీద నా పేరు ఒడియాల,
కింద సంతకం తెలుగుల,
రొండూ గుండ్రంగానే ఉన్నాయి.
సిరా ఆరకుండానే మడతెట్టీసినాడు గుమస్తా.

హెల్మెట్టు లోపల ఇంకా నీసు వోసన.
అలాగే పెట్టుకుని
వంతెన దాటినాను.